సిగ్నల్ లేని చోటే లైన్‌మన్ పని

విద్యుత్ పంపిణీ సంస్థలు క్షేత్రస్థాయి సిబ్బందికి ఫోన్లు గానీ ట్యాబ్‌లు గానీ కొనాలనుకున్నప్పుడు తయారయ్యే స్పెసిఫికేషన్లు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. ర్యామ్ ఎంత, స్టోరేజీ ఎంత, కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళు, తెర ఎన్ని అంగుళాలు, 5జీ ఉందా లేదా. ఆ తర్వాత యాప్ సంగతి: డ్యాష్‌బోర్డు, లైవ్ లొకేషన్, ఫోటో అప్‌లోడు. చివర్లో ఎక్కడో "ఆఫ్‌లైన్ సదుపాయం కలిగి ఉండవలెను" అని ఒక ముక్క. దానికి అర్థమేమిటో ఎవరూ విడమరిచి రాయరు, సరుకు దిగాక ఎవరూ పరీక్షించరు. ఎంపిక మొదలుకావాల్సింది ఆ ముక్క దగ్గరేనని నా వాదన. నెట్‌వర్క్ లేని చోట పని ఎలా నడవాలో తేలాక యాప్ తేలుతుంది, యాప్ తేలాక ఫోన్ తేలుతుంది. మనం దీన్ని తలకిందులుగా చేస్తున్నాం.

మిగతా రంగాలకు లేని ఇబ్బంది కరెంటు శాఖకు ఒకటుంది. సెల్ టవర్ నడిచేది కూడా ఆ కరెంటుతోనే. 11 కేవీ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకి కరెంటు తెచ్చే లైన్) పడిపోతే టవర్ బ్యాటరీల మీద కొంతసేపు, డీజిల్ ఉంటే ఇంకొంతసేపు నిలబడుతుంది. ఆ తర్వాత సిగ్నల్ పోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం మీద పడినప్పుడు స్తంభాలతో పాటే ఫోన్లూ మూగబోయాయి. పని అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న రోజే నెట్‌వర్క్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. పాడేరు, నల్లమల, ఆసిఫాబాద్ వైపు ఏజెన్సీ ఊళ్ళకు తుపాను కూడా అక్కర్లేదు, మామూలు రోజుల్లోనే చాలాచోట్ల అంతే. నగరంలో ఈ బాధ లేదనుకుంటాం గానీ, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మీటర్ బోర్డుల దగ్గరికి దిగి చూడండి.

ఆఫ్‌లైన్ అంటే ఎంతవరకు?

యాప్ తెరుచుకుంటే చాలు, ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుందని అమ్మేవాళ్ళు చెబుతారు. మనం చూడాల్సింది లాగిన్ దగ్గర మొదలవుతుంది. ప్రతి ఉదయం ఎస్సెమ్మెస్‌లో ఓటీపీ వస్తే తప్ప లోపలికి పోనివ్వని యాప్ ఆఫ్‌లైన్ యాప్ కాదు. ఒకసారి సర్వర్‌తో లాగిన్ అయ్యాక కనీసం నెల రోజులు ఫోన్‌లోనే ఉండే పిన్‌తో తెరుచుకోవాలి. ఆ లైన్‌మన్ పనిచేసే సెక్షన్‌లోని ఫీడర్లు, ట్రాన్స్‌ఫార్మర్ల స్ట్రక్చర్ కోడ్‌లు (ఒక్కోదానికి ఇచ్చిన గుర్తు), వినియోగదారుల సర్వీస్ నంబర్లు ముందుగానే ఫోన్‌లోకి దిగి ఉండాలి. ఒక సెక్షన్ జాబితా అంటే కొన్ని ఎంబీలే, ఈ రోజుల్లో ఏ ఫోన్‌కీ అది బరువు కాదు. ఫీడర్ సింగిల్ లైన్ డయాగ్రమ్ (లైన్ ఎలా పోతుందో చూపే గీతల బొమ్మ) కూడా అలాగే ఫోన్‌లో ఉండాలి, లింకు రూపంలో కాదు.

తర్వాతది, నింపిన రికార్డు ఎక్కడ ఉంటుందన్నది. "సబ్మిట్" నొక్కగానే ముందు ఫోన్ డేటాబేస్‌లో పడి, ఆ తర్వాతే సర్వర్‌కి బయల్దేరాలి. చాలా యాప్‌లు నేరుగా సర్వర్‌కి పంపబోతాయి. అది విఫలమైతే "మళ్ళీ ప్రయత్నించండి" అంటాయి, ఈలోపు నింపిందంతా గాలికి పోతుంది. ఒకటికి రెండుసార్లు అలా జరిగిందంటే లైన్‌మన్ చిట్టీ మీద రాసుకుని రాత్రి ఇంటికెళ్ళి నింపడం మొదలుపెడతాడు. అక్కడితో టైమ్‌స్టాంపులన్నీ అబద్ధాలే. డ్యాష్‌బోర్డు మీద మాత్రం బ్రేక్‌డౌన్లన్నీ రాత్రి తొమ్మిదికి సరిచేసినట్టు కనిపిస్తుంటుంది. సిబ్బంది బద్ధకమని పైవాళ్ళు అనుకుంటారు. నిజానికి అది యాప్ నేర్పిన అలవాటు.

ఒక్కో రికార్డుకి ప్రత్యేక గుర్తింపు సంఖ్యను ఫోనే తయారుచేయాలి, సర్వర్ ఇచ్చేదాకా ఆగకూడదు. లేకపోతే సిగ్నల్ ఊగిసలాడే చోట ఒకే ఫిర్యాదు మూడుసార్లు నమోదవుతుంది. ఫోన్ గడియారం చెప్పిన సమయం, సర్వర్‌కి అందిన సమయం రెండూ విడివిడిగా దాచాలి. సరిచేసిన వేళ మొదటిది, కబురు అందిన వేళ రెండోది. ఈ రెంటినీ కలిపేస్తే సరఫరా అంతరాయాల లెక్కలు తప్పుతాయి. ఒకే ఫిర్యాదును ఇద్దరు ముట్టుకున్నప్పుడు ఆఖరున వచ్చింది ముందుదాన్ని చెరిపేయకుండా, రెండూ వరుసగా నిలవాలి.

ఇంకొకటి, ఆండ్రాయిడ్ సంగతి. 6.0 వెర్షన్ నుంచి నేపథ్యంలో నడిచే యాప్‌లను నిద్రపుచ్చే పద్ధతి ఉంది, దాని మీద కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో ఇంకా గట్టిగా నొక్కేస్తాయి. జేబులో పెట్టుకున్న ఫోన్ సిగ్నల్ ఉన్న ఊళ్ళోంచే వెళ్ళినా, యాప్ నిద్రలో ఉండి ఒక్క రికార్డూ పంపదు. కొనబోయే మోడల్‌లో ఈ యాప్‌కి మినహాయింపు ఇవ్వడం కుదురుతుందా, ఆ మినహాయింపు ఫోన్ అప్‌డేట్ అయ్యాక కూడా నిలుస్తుందా అన్నది ర్యామ్ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

"ఇంత తతంగం ఎందుకు, వాట్సాప్ గ్రూపులో నడిచిపోవడం లేదా?" అంటారు. నడుస్తోంది, ఎందుకు నడుస్తోందో చూడాలి. సిగ్నల్ లేకపోయినా సందేశం తీసుకుంటుంది, వచ్చినప్పుడు తనే పంపుతుంది, పోయిందో లేదో టిక్కుల్లో చెబుతుంది. కోట్లు పెట్టి చేయించిన యాప్‌లో చాలాసార్లు ఈ మూడూ ఉండవు. మన యాప్ మొదటి తెర మీద "పంపాల్సినవి 7" అని పెద్ద అక్షరాల్లో కనిపించాలి. అది సున్నా అయ్యేదాకా లాగౌట్ అయినా, యాప్ అప్‌డేట్ అయినా ఆ ఏడూ చెరిగిపోకూడదు.

దీనికి ఎదురుగా ఒక బలమైన అభ్యంతరం ఉంది. లైన్‌మన్ ఫోన్‌లో పని పూర్తయినట్టు పడి, సర్వర్‌కి చేరకపోతే, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసిన వినియోగదారుడికి ఇంకా పెండింగే అని చెబుతారు. నిజమే. అందుకే చిన్న ఎస్సెమ్మెస్ దారి ఒకటి ఉంచాలి. డేటా కదలని చోట కూడా ఎస్సెమ్మెస్ వెళ్ళే అవకాశం ఎక్కువ, అది వెళ్ళే దారే వేరు. ఫిర్యాదు నంబరు, ఒక కోడ్ అక్షరం చాలు. ఆ సందేశాన్ని యాపే తయారుచేసి పంపాలి, మనిషి టైపు చేయక్కర్లేకుండా.

లైన్ క్లియర్‌కి ఈ వాదన ఎదురు తిరుగుతుంది

ఇప్పటిదాకా ఆఫ్‌లైన్ వైపు మాట్లాడాను. ఒక్క పనిలో మాత్రం అది ప్రాణం తీస్తుంది. అది లైన్ క్లియర్, అంటే ఎల్.సి.: సరఫరా ఆపిన లైన్ మీద పని చేయడానికి సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి. అదెలా నడుస్తుందో ఈ రంగంలో ఉన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు. సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్ బ్రేకర్ ట్రిప్ చేసి (సరఫరా ఆపి), ఐసోలేటర్ తెరిచి (లైన్‌ని విడదీసి), హెచ్చరిక బోర్డు తగిలించి, రిజిస్టర్‌లో రాసి, ఎల్.సి. నంబరు చెప్పాకే ఇక్కడ టెస్ట్ చేసి, డిశ్చార్జ్ రాడ్లతో పనిచోటుకి రెండు వైపులా ఎర్త్ చేసి (లైన్‌ని భూమికి కలిపి) పైకెక్కుతారు. ఇందులో ఫోన్‌లో కనిపించే "ఫీడర్ ఆఫ్" అన్న మాట ఇరవై నిమిషాల కిందటిదైతే? ఆఫ్‌లైన్ యాప్ స్వభావమే ఆఖరుసారి తెలిసినదాన్ని చూపించడం. ఫిర్యాదుల జాబితాకి అది వరం. లైన్ స్థితికి అది మృత్యువు.

కాబట్టి ఫీల్డ్ ఫోన్‌లో ఫీడర్ ఛార్జ్ అయి ఉందా (అందులో కరెంటు ఉందా) లేదా అన్నది చూపించనే కూడదని నా అభిప్రాయం. ఎరుపు రంగు, ఆకుపచ్చ రంగు పెట్టడం అంతకన్నా తప్పు. పచ్చ చుక్క చూసి టెస్టర్ తీయకుండా ఎక్కే రోజు ఒకటి వస్తుంది. ఇన్వర్టర్ నుంచో, జనరేటర్ నుంచో ఎల్‌టీ వైపు (ఇళ్ళకి పోయే తక్కువ వోల్టేజీ లైన్) వెనక్కి వచ్చే సరఫరా ఏ యాప్‌కీ తెలియదు. ఒకే స్తంభం మీద రెండు ఫీడర్లు పోతున్న చోట ఏది ఆగిందో యాప్ చెప్పే మాట కన్నా టెస్టర్ చెప్పే మాటే నమ్మాలి.

డిజిటల్ ఎల్.సి. వద్దని కాదు. కాగితం రిజిస్టర్‌లో తర్వాత దిద్దిన ఎంట్రీలు ఉంటాయి, ఎవరు ఎప్పుడు ఇచ్చారో తేలని ప్రమాదాలు ఉంటాయి. ఒకే ఫీడర్ మీద రెండు గ్యాంగులు వేర్వేరు ఎల్.సి.లు తీసుకుని, ఒకటి తిరిగి రాగానే లైన్ ఛార్జ్ చేసిన సందర్భాలు మనుషుల్ని బలిగొంటాయి. ఆ ఫీడర్ మీద ఇంకో ఎల్.సి. తెరిచి ఉందని ఆపరేటర్ కళ్ళ ముందు కంప్యూటర్ నిలబెట్టడం చాలా విలువైన పని. అయితే ఆ కంప్యూటర్ ఉండాల్సింది 33/11 కేవీ సబ్‌స్టేషన్ బల్ల మీద. అక్కడ బ్యాటరీలుంటాయి, కేబుల్‌తో నెట్ ఇవ్వొచ్చు, బ్రేకర్ పక్కనే ఉంటుంది. లైన్‌మన్ వైపు నుంచి కావాల్సింది గొంతు మాత్రమే: ఎల్.సి. నంబరు, ఫీడర్ పేరు, పనిచోటు అతను చెప్పాలి, ఆపరేటర్ తిరిగి చదివి వినిపించాలి. ఎల్.సి. వాపసు చేయడానికి సర్వర్ ఓటీపీ తప్పనిసరి చేస్తే, ఓటీపీ రాని చోట ఎవరో ఒకరు దొంగదారి కనిపెడతారు. నాలుగు అంకెలు ముందే కాగితం మీద రాసుకుంటారు, లేదా ఇంకొకరి ఫోన్‌కి తెప్పించుకుంటారు. ఒకసారి దొంగదారి అలవాటైతే ఆ భద్రత కాగితం మీద మాత్రమే ఉన్నట్టు.

గ్లౌజు, ఎండ, వాన

యాప్ తేలాక ఫోన్ ఎంపిక చాలా సులువవుతుంది. 11 కేవీకి తగిన రబ్బరు గ్లౌజుల మీంచి ఏ ఫోన్ తెరా పనిచేయదు, "గ్లవ్ మోడ్" అన్నది పలచని గుడ్డ గ్లౌజులకే. అది లోపం కాదు, మనకు మేలు. స్తంభం మీద ఉన్న మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా యాప్ ఏమీ అడగకూడదు. "పని జరుగుతుండగా ఫోటో" అని తప్పనిసరి చేసిన ఫారమ్ చూస్తే నాకు భయమేస్తుంది. హెల్మెట్ పట్టీ సరిచేసుకోవాల్సిన చేత్తో కెమెరా తీయమని చెప్పడమది.

ఫోటో కిందనుంచే తీయాలి. 9.1 మీటర్ల స్తంభంలో ఆరో వంతు భూమిలో పోతే పైన దాదాపు ఏడున్నర మీటర్లు. ఆ ఎత్తులో పిన్ ఇన్సులేటర్ పగులు కనబడాలంటే మెగాపిక్సెళ్ళ సంఖ్య కన్నా రెండు మూడు రెట్లు దగ్గరికి లాగినా చెదరని బొమ్మ ముఖ్యం. కొనేముందు స్తంభం కింద నిలబడి, ఆకాశానికి ఎదురుగా తీసి చూడాలి. వెలుగు వెనకనుంచి కొడితే ఇన్సులేటర్ నల్లటి ముద్దలా పడే ఫోన్లు చాలా ఉన్నాయి.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రామగుండంలో, రెంటచింతలలో ఆ రోజుల్లో నీడలోనే 45 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. లిథియం అయాన్ బ్యాటరీని సాధారణంగా 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయకూడదు, ఫోన్ తనే ఆపేస్తుంది. బండి హ్యాండిల్ మీద ఎండలో బిగించి, ఛార్జర్ తగిలించి, మ్యాప్ నడిపితే ఫోన్ ఇంకా తొందరగా అక్కడికి చేరుతుంది. ముందు తెర వెలుగు తగ్గుతుంది, తర్వాత ఛార్జింగ్ ఆగుతుంది, చివరికి కెమెరా మూసుకుంటుంది. మందపాటి నల్లటి రబ్బరు కవరు వేస్తే వేడి ఇంకా లోపలే నిలుస్తుంది. బండి మీద బిగించడంలో మరో నష్టం: ఇంజన్ అదురు కెమెరాలోని స్థిరీకరణ భాగాన్ని పాడుచేయగలదని 2021లో యాపిల్ తన ఫోన్ల గురించి తనే హెచ్చరించింది. చొక్కా జేబు, లేదా నడుముకి పౌచ్ మేలు. ఛార్జింగ్ కోసం 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఒకటి చాలు, 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ని ఒకసారి పూర్తిగా నింపి ఇంకొంచెం మిగులుతుంది.

గట్టి ఫోన్లు అమ్మేవాళ్ళు రెండు ముద్రలు చూపిస్తారు. ఐపీ67 అంటే దుమ్ము చొరదని, మీటరు లోతు మంచినీళ్ళలో అరగంట తట్టుకుంటుందని. అది కొత్త ఫోన్‌కి. తెర పగిలి బజార్లో మార్పించాక ఆ సీలు మీద భరోసా ఉండదు. రెండోది మిల్-ఎస్‌టీడీ-810హెచ్. అది అమెరికా సైన్యపు పరీక్షా పద్ధతుల పుస్తకం, ఎవరో ఇచ్చే ధృవపత్రం కాదు. అందులోని ఏ పరీక్షలు చేయాలో తయారీదారే ఎంచుకుంటాడు. పడేసే పరీక్షలో 1.22 మీటర్ల ఎత్తునుంచి 26 సార్లు పడేస్తారు, ఆ 26నీ ఐదు ఫోన్ల దాకా పంచుకోవచ్చు. పడేది చాలాసార్లు ప్లైవుడ్ మీద. మన సిమెంటు రోడ్డు మీద కాదు. ఏ పరీక్షలు చేశారో రాసిమ్మని అడిగితే సగం ప్రచారం తేలిపోతుంది.

వానలో ఇంకో చిక్కు. నీటి చుక్కలు పడితే తెర వాటినే వేళ్ళనుకుంటుంది, తడి చేత్తో కాల్ కూడా ఎత్తలేం. అందుకని పక్కన ఒక గట్టి మీట ఉండి, దానికి టార్చో, సబ్‌స్టేషన్ నంబరో కేటాయించుకునే వీలున్న ఫోన్ వానాకాలపు రాత్రి బ్రేక్‌డౌన్‌లో నిజంగా పనికొస్తుంది. 2024లో మన దేశానికి వచ్చిన శాంసంగ్ ఎక్స్‌కవర్7 లాంటివాటిలో ఆ మీట ఉంది, బ్యాటరీ కూడా చేత్తో ఊడదీసి మార్చుకోవచ్చు. తుపాను విధుల్లో మూడు రోజులు కరెంటు లేని ఊళ్ళో ఉండే గ్యాంగుకి, నింపిపెట్టిన రెండు విడి బ్యాటరీలు ఏ 5జీ కన్నా విలువైనవి.

అయితే అందరికీ గట్టి ఫోనే కొనమని నేను అనను. పట్టణ సెక్షన్లలో మామూలు ఫోన్, మంచి కవరు, తెరకి గాజు, ప్రతి పది మందికి ఒక విడి ఫోన్. అది చాలు. ఏజెన్సీకి, తీరప్రాంత బ్రేక్‌డౌన్ గ్యాంగులకి గట్టివి. డబ్బు లెక్క కూడా ధర దగ్గర ఆపకూడదు. ఉదాహరణకు 13 వేల ఫోన్ రెండేళ్ళకి మార్చాల్సివస్తే, 27 వేల ఫోన్ బ్యాటరీ మారుస్తూ నాలుగేళ్ళు నడిస్తే, ఖర్చు ఇంచుమించు సమానం. తేడా తెచ్చేది సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్ళు వస్తాయి, మూడో ఏడు బ్యాటరీ దొరుకుతుందా, రిపేరుకిస్తే ఎన్నాళ్ళకి తిరిగొస్తుంది అన్నవి. తక్కువ కోట్ చేసినవాడికే ఇవ్వాల్సిన టెండర్‌లో ఈ మూడింటినీ అర్హత షరతులుగా పెట్టకపోతే ఆ తర్వాత ఏమీ చేయలేం.

అడిగేది తగ్గించండి

12 మెగాపిక్సెళ్ళ ఫోటో సుమారు 4 ఎంబీ ఉంటుంది. సెకనుకి 100 కిలోబిట్ల బలహీనమైన లైన్ మీద అది పోవడానికి ఐదు నిమిషాలు దాటుతుంది. యాపే 250 కేబీకి కుదిస్తే ఇరవై సెకన్లు. పేరుప్లేటు మీద అంకెలు చదవడానికి ఆ 250 కేబీ సరిపోతుంది. పని ముందు ఒకటి, తర్వాత ఒకటి, మీటర్‌ది ఒకటి, సెల్ఫీ ఒకటి అని ప్రతి ఫ్యూజ్ కాల్‌కీ అడిగితే మాత్రం పాత ఫోటోలే గ్యాలరీలోంచి తిరిగి ఎక్కుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలినప్పుడు, కండక్టర్ తెగినప్పుడు, ప్రమాదం జరిగినప్పుడు అడగండి. హెచ్‌జీ ఫ్యూజ్ (ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 11 కేవీ వైపు ఉండేది) వేసినందుకు అక్కర్లేదు.

జీపీఎస్ విషయంలో కూడా ఆశ ఎక్కువ. ఆరుబయట ఫోన్ జీపీఎస్ దాదాపు ఐదు మీటర్ల తేడాతో చెబుతుంది, ఇరుకు సందుల్లో ఇంకా ఎక్కువ. రోడ్డుకి ఒకే వైపున 11 కేవీ స్తంభం, ఎల్‌టీ స్తంభం పక్కపక్కనే ఉంటే ఏది ఏదో అది తేల్చలేదు. స్ట్రక్చర్ కోడ్ ఎంచుకోమని అడగాలి, జీపీఎస్ దానికి సాక్ష్యంగా మాత్రమే ఉండాలి. క్యూఆర్ స్టిక్కర్లు మన ఎండకి తొందరగానే వెలిసిపోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ మీద పెయింటుతో రాసిన కోడ్ ఇప్పటికీ వాటికంటే నమ్మకమైనది.

బ్రేక్‌డౌన్ కారణాల జాబితాలో నలభై పేర్లు పెడితే అందరూ "ఇతరములు" నొక్కుతారు. పది పన్నెండు చాలు, ఆ ఊళ్ళో ఎక్కువగా జరిగేవి పైన ఉండాలి: చెట్టు కొమ్మ, జంపర్ (తీగల్ని కలిపే ముక్క), ఇన్సులేటర్, ఏబీ స్విచ్ (స్తంభం మీద లైన్‌ని విడదీసేది), పక్షి. వాళ్ళు పనిలో అనే మాటలే తెర మీద ఉండాలి. పొడుగ్గా చెప్పాల్సింది ఉంటే అరనిమిషం గొంతు రికార్డు చేసి జతచేయనివ్వాలి. బురద చేతులతో తెలుగు టైపు చేయమనడం న్యాయం కాదు.

లొకేషన్ నిరంతరం పంపే యాప్ బ్యాటరీతో పాటు నమ్మకాన్నీ తినేస్తుంది. రికార్డు చేసిన క్షణంలో ఎక్కడున్నారో తీసుకుంటే సరిపోతుంది. సొంత ఫోన్‌లో ఆఫీసు యాప్ వేయించడం ఇంకా పెద్ద చిక్కు. వినియోగదారుల పేర్లూ నంబర్లూ ఉద్యోగి సొంత ఫోన్‌లో ఉండటం 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక సంస్థకే మెడకి చుట్టుకుంటుంది. ఇంట్లో పిల్లలు కూడా వాడే ఆ ఫోన్ పోయినా పగిలినా ఎవరు కొనివ్వాలన్నది తేలదు. శాఖ సిమ్ ఉద్యోగితో కాకుండా పోస్టుతో ఉంటుంది కదా, ఫోనూ అలాగే ఉండాలి.

కొనేముందు ఒక రోజు

రెండు మూడు మోడళ్ళు తెప్పించి, నగరంలో ఒక సెక్షన్‌కి, తీరంలో ఒకదానికి, ఏజెన్సీలో ఒకదానికి ఇవ్వండి. మే ఆఖరి ఎండ నుంచి తొలకరి ఈదురుగాలుల దాకా వాడనివ్వండి. అంత వ్యవధి లేకపోతే ఒక్క రోజు పరీక్ష అయినా తప్పనిసరి. పొద్దున లాగిన్ అయి మొబైల్ డేటా, వైఫై ఆపేయాలి. పది ఫిర్యాదులు మూసి, పదిహేను ఫోటోలు తీయాలి. మధ్యలో ఫోన్ ఆపి వెలిగించాలి, యాప్‌ని బలవంతంగా మూయాలి, లాగౌట్ అయి పిన్‌తో మళ్ళీ లోపలికి వెళ్ళాలి. మధ్యాహ్నం పన్నెండుకి ఎండలో నిలబడి తెర చదవాలి. తడి చేత్తో సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేయాలి. సాయంత్రం నెట్ ఆన్ చేసి, ఫోన్ జేబులో పెట్టుకుని అరగంట ముట్టుకోకుండా ఉండాలి. పది రికార్డులూ, పదిహేను ఫోటోలూ ఒక్కొక్కటి ఒక్కసారే, అసలు సమయాలతో సర్వర్ మీద కనిపించాలి. తొమ్మిదే వస్తే ఆ యాప్ తప్పినట్టే, పదకొండు వచ్చినా తప్పినట్టే.

విడి ఫోన్‌ని కూడా అదే రోజు పరీక్షించాలి. ఒకరి ఫోన్ పగిలిందనుకుని, సెక్షన్ ఆఫీసులో ఉన్న విడి ఫోన్‌తో ఒక క్యూఆర్ స్కాన్ చేసి పావుగంటలో ఆ మనిషి పని మొదలుపెట్టగలగాలి. అందుకు సర్కిల్ ఆఫీసులో ఎవరికో ఫోన్ చేయాల్సి వస్తే, ఆ ఎవరో ఆదివారం రాత్రి గాలివానలో దొరకరు. పగిలిన ఫోన్‌లో పంపకుండా మిగిలిన రికార్డుల్ని రిపేరుకి ఇవ్వకముందే ఎలా బయటికి తీస్తారో సరఫరాదారు మన ఎదురుగా చేసి చూపించాలి, అది చూశాకే ఒప్పందం మీద సంతకం పెట్టాలి.